కొత్త ఓడ బాగుందా, పాత ఓడ బాగుందా? క్యునార్డ్, కాలిన్స్ కంపెనీల కథ

కిందటి వారం మా పిన్ని కూతురు అమెరికా నుంచి ఫోన్ చేసింది. వాళ్లు ఉండేది అట్లాంటాలో. ఏడెనిమిదేళ్లుగా పిల్లల సెలవులకి క్రూజ్‌కి వెళ్లడం వాళ్లకి అలవాటు, అదీ ప్రతిసారీ ఒకే కంపెనీ ఓడలో. ఈసారి ఎవరో చెప్పారని ఇంకో కంపెనీ ఓడ ఎక్కారట. ఇక చూడండి, గంటసేపు పోలికలే. "పాత దాంట్లో గది కాస్త చిన్నదే అన్నయ్యా, కానీ పొద్దున్నే ఇడ్లీ, సాంబారు దొరికేవి. కొత్త దాంట్లో రొయ్యలూ పీతలూ రాశులు పోశారు గానీ మా అత్తగారు మూడు రోజులు పెరుగన్నంతోనే సరిపెట్టుకున్నారు. గది మాత్రం ఎంత బాగుందో! బాల్కనీ, పెద్ద బాత్రూము..." ఇలా సాగింది.

అంతా విని నేను ఒక్క ప్రశ్న వేశాను. "సరేనమ్మా, ప్రమాదం వస్తే ఏ లైఫ్‌బోటు దగ్గరికి వెళ్లాలో ఏ ఓడలో బాగా చెప్పారు?" అన్నాను. పక్కున నవ్వింది. "అబ్బా, దాన్నెవరు చూస్తారన్నయ్యా! ఫోన్లో ఏదో వీడియో వచ్చింది, స్కిప్ కొట్టేశాం" అంది.

ఆ నవ్వు దగ్గరే నాకు ఈ ఎపిసోడ్ తట్టింది. ఎందుకంటే ఇదే పోలిక 170 ఏళ్ల క్రితం అట్లాంటిక్ సముద్రం మీద చాలా పెద్ద ఎత్తున జరిగింది. ఒక పాత కంపెనీ, ఒక కొత్త కంపెనీ. తిండి ఎక్కడ బాగుంది, గది ఎక్కడ బాగుంది, ఎవరు ముందు చేరుస్తారు అని జనం లెక్కలు వేసుకున్నారు. తేలికగానే తేల్చుకున్నారు కూడా. కానీ ఆ లెక్కలో ఒక అంకె వేయడం మర్చిపోయారు. ఆ కథే ఈరోజు చెప్పుకుందాం.

ముందు అప్పటి పరిస్థితి ఏమిటో చూద్దాం. 1840కి ముందు ఇంగ్లండ్ నుంచి అమెరికా వెళ్లాలంటే దాదాపు అందరికీ తెరచాప ఓడలే దిక్కు. 1818 నుంచి న్యూయార్క్, లివర్‌పూల్ మధ్య తేదీ ప్రకారం బయలుదేరే ఓడలు వచ్చాయి. వాటిని ప్యాకెట్ ఓడలు అనేవాళ్లు. బయలుదేరే తేదీ అయితే చెప్పగలరు. చేరే తేదీ? అది గాలి దయ. అమెరికా వైపు వెళ్లేటప్పుడు ఎదురుగాలి కాబట్టి ఐదారు వారాలు పట్టడం మామూలే.

1838లో గ్రేట్ వెస్టర్న్ లాంటి ఆవిరి ఓడలు అట్లాంటిక్ దాటి చూపించాయి. అప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం ఆలోచించింది. మన టపా, అంటే ఉత్తరాల మూటలు, ఆవిరి ఓడల మీద పంపితే పోలేదా అని. ఆ కాంట్రాక్టు 1839లో ఒకాయనకి దక్కింది. ఆయన పేరు శామ్యూల్ క్యునార్డ్. కెనడాలోని హాలిఫాక్స్‌లో పుట్టిన వ్యాపారి. స్కాట్లండ్‌లో రాబర్ట్ నేపియర్ అనే గొప్ప ఇంజన్ల నిపుణుణ్ణి పట్టుకుని, ఆయన సాయంతో భాగస్వాముల్ని కూడగట్టుకుని నాలుగు ఓడలు కట్టించాడు. బ్రిటానియా, అకాడియా, కాలెడోనియా, కొలంబియా. ప్రభుత్వం ఏడాదికి 60,000 పౌండ్లు ఇచ్చేది. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఈ ఓడల అసలు పని టపా మోయడం. ప్రయాణికుల టికెట్ డబ్బు పైన వచ్చే ఆదాయం అన్నమాట.

1840 జూలై 4న బ్రిటానియా లివర్‌పూల్ నుంచి బయలుదేరింది. చెక్క ఓడ, పొడవు 207 అడుగులు, రెండు పక్కలా పెద్ద తెడ్డు చక్రాలు, మధ్యలో పొగగొట్టం. గాలి కలిసొస్తే వాడుకోవడానికి తెరచాపలు కూడా ఉండేవి. 115 మంది ప్రయాణికులకి చోటు. తాజా పాల కోసం డెక్ మీద ఒక ఆవుని కట్టేశారు. ఇవాళ్టి క్రూజ్ ఓడలో ఇరవై రకాల కాఫీ దొరుకుతుంది, అప్పుడు ఆవు దొరికేది. రెండు వారాలకి కాస్త అటూ ఇటూగా బోస్టన్ చేరింది. జనానికి ఆ రోజుల్లో అది అద్భుతమే.

మరి ఆ ఓడ లోపల ఎలా ఉండేది? దీనికి మనకి చాలా మంచి సాక్షి ఉన్నాడు. చార్లెస్ డికెన్స్. అవును, ఆ నవలల డికెన్సే. 1842 జనవరిలో భార్యతో కలిసి ఇదే బ్రిటానియా ఎక్కి అమెరికా వెళ్లాడు. అప్పటికి ఆయన వయసు ముప్పై కూడా నిండలేదు, పేరు మాత్రం మార్మోగిపోతోంది. ఓడ కంపెనీ ప్రకటనల బొమ్మల్లో గదులు విశాలంగా ఉన్నాయి. తీరా వెళ్లి చూస్తే తన గది తెచ్చుకున్న పెట్టెలు కూడా పట్టనంత ఇరుకు. భోజనశాలని శవాల్ని మోసుకెళ్లే బండితో పోల్చాడాయన. పైగా నడి శీతాకాలం, తుఫాను, వాంతులు. ఆ ప్రయాణం గురించి అమెరికన్ నోట్స్ అనే తన పుస్తకంలో రాశాడు. చదివితే నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది.

ఆ తర్వాత ఆయన ఏం చేశాడో తెలుసా? జూన్‌లో తిరుగు ప్రయాణానికి కంపెనీ మార్చేశాడు. ఆవిరి ఓడే వద్దనుకుని న్యూయార్క్‌లో జార్జ్ వాషింగ్టన్ అనే తెరచాప ప్యాకెట్ ఓడ ఎక్కాడు. వేసవి, గాలి అనుకూలం, హాయిగా ఇంటికి చేరాడు. అంటే ఒక కంపెనీలో వెళ్లి, నచ్చక, ఇంకో కంపెనీలో వచ్చి, రెండూ పోల్చి రాసిన వాళ్లలో డికెన్స్ చాలా ముందువాడు. డికెన్స్‌ని ఇక్కడ పక్కన పెట్టండి. చివర్లో మళ్లీ వస్తాడు.

ఇంత ఇరుకు ఓడలు నడిపిన క్యునార్డ్‌కి మరి జనాదరణ లేదా అంటే, బోస్టన్ వాళ్లని అడగాలి. 1844 ఫిబ్రవరిలో బోస్టన్ రేవు గడ్డకట్టుకుపోయింది. బ్రిటానియా మంచులో ఇరుక్కుంది. టపా సమయానికి వెళ్లాలి. ఊళ్లో వర్తకులు చందాలు వేసుకుని, మనుషుల్ని పెట్టి, దాదాపు ఏడు మైళ్ల పొడవున మంచు కోయించి ఓడకి దారి తీశారు. ఖర్చంతా వాళ్లదే. దారికి రెండు పక్కలా మంచు మీద జనం నిలబడి చేతులూపుతుంటే ఓడ సముద్రంలోకి వెళ్లింది. అది సౌకర్యం మీద ప్రేమ కాదండి. "ఈ ఓడ చెప్పిన రోజుకి కదులుతుంది" అనే నమ్మకం మీద ప్రేమ.

ఆ నమ్మకం క్యునార్డ్ పద్ధతి వల్ల వచ్చింది. కెప్టెన్లకి ఆయన చెప్పే మాట ఒకటే. వేగం తర్వాత, ముందు ఓడ క్షేమం. కొత్త రకం యంత్రం ఏదైనా వస్తే ఇంకొకళ్లు వాడి చూశాక ఆయన కొనేవాడు. ఓడల్లో పట్టు తెరలు ఉండేవి కావు, తివాచీలు అంతంతమాత్రం. తిండి ఉప్పు మాంసం, బంగాళాదుంప. పిసినారి అన్నవాళ్లూ ఉన్నారు.

అయితే క్యునార్డ్‌ని దేవుణ్ణి చెయ్యకూడదు. 1843 జూలైలో ఆ మొదటి నాలుగు ఓడల్లో ఒకటైన కొలంబియా పొగమంచులో దారి తప్పి నోవా స్కోషియా దగ్గర రాళ్లెక్కింది. ఓడ పోయింది, మనుషులంతా బతికారు. 1849లో క్యునార్డ్ వారి యూరోపా అనే ఓడ పొగమంచులో వేగంగా వెళ్తూ, వలస కుటుంబాలతో వస్తున్న చార్లెస్ బార్ట్‌లెట్ అనే తెరచాప ఓడని గుద్దింది. నిమిషాల్లో ఆ ఓడ మునిగింది. వంద మందికి పైగా చనిపోయారు. యూరోపాలో ఉన్నవాళ్లకి ఏమీ కాలేదు. "మా ఓడలో ప్రయాణికుడెవరూ పోలేదు" అని కంపెనీ చెప్పుకునే మాట లెక్క ప్రకారం నిజమే. కానీ చచ్చిపోయినవాళ్లు పక్క ఓడలో ఉన్నారు కాబట్టి ఆ లెక్కలోకి రాలేదు. ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు రెండో పాత్ర వస్తుంది. ఎడ్వర్డ్ నైట్ కాలిన్స్. అమెరికావాడు, మసాచుసెట్స్‌లో కేప్ కాడ్ మనిషి. అప్పటికే తెరచాప ఓడలతో బాగా సంపాదించాడు. ఆ ఓడలకి షేక్‌స్పియర్, గారిక్, షెరిడన్ అని నాటకరంగం వాళ్ల పేర్లు పెట్టాడు. మనిషిలోనే కొంత నాటకం ఉందన్నమాట. అమెరికా టపా బ్రిటిష్ ఓడల మీద వెళ్లడమేమిటి అనే రోషం అప్పటికి వాషింగ్టన్‌లో బాగా పెరిగింది. 1847లో అమెరికా ప్రభుత్వం కాలిన్స్‌కి టపా కాంట్రాక్టు ఇచ్చింది. ఏడాదికి 3,85,000 డాలర్లు. షరతు లేదుగానీ అందరి మనసులో ఉన్న కోరిక ఒకటే. క్యునార్డ్‌ని ఓడించాలి.

కాలిన్స్ నాలుగు ఓడలు కట్టించాడు. అట్లాంటిక్, పసిఫిక్, ఆర్కిటిక్, బాల్టిక్. పేర్లే చూడండి, సముద్రాల పేర్లు. ఒక్కోటి సుమారు 2,800 టన్నులు, అంటే మొదటి బ్రిటానియాకి రెండింతలకి పైనే. 1850 ఏప్రిల్ 27న అట్లాంటిక్ ఓడ న్యూయార్క్ నుంచి తొలిసారి బయలుదేరింది.

లోపల అడుగుపెట్టినవాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు. గదులకి ఆవిరితో వేడి. అట్లాంటిక్ చలికాలంలో అదెంత సుఖమో ఆలోచించండి. స్నానాల గది. గడ్డం గీయించుకోవడానికి మంగలి షాపు. చుట్ట కాల్చుకునేవాళ్లకి వేరే గది. నలభై టన్నుల ఐసు పట్టే కొట్టు, దాంతో పదో రోజున కూడా తాజా మాంసం, తాజా కూరగాయలు. ఒక్కో రాత్రి భోజనంలో పదుల సంఖ్యలో వంటకాలు. పాలరాయి బల్లలు, అద్దాలు, తివాచీలు. క్యునార్డ్ ఓడలో ఉప్పు మాంసం తిని వచ్చినవాళ్లకి ఇది ఇంద్రభవనంలా కనబడింది.

పైగా వేగం. 1851లో పసిఫిక్ ఓడ పది రోజుల లోపే అట్లాంటిక్ దాటేసింది. అంతకుముందు ఎవరికీ సాధ్యం కాలేదు. అమెరికా పత్రికలు పండగ చేసుకున్నాయి. స్వీడన్ గాయని జెన్నీ లిండ్ 1850లో అమెరికా వచ్చింది కూడా కాలిన్స్ ఓడలోనే. న్యూయార్క్ రేవులో ఆమెని చూడటానికి వచ్చిన జనసముద్రానికి ఓడ కూడా బాగానే కనబడింది. ఇంతకంటే ప్రకటన ఏం కావాలి?

జనం కంపెనీ మార్చారు. 1852లో మొదటి పదకొండు నెలల లెక్క తీస్తే కాలిన్స్ ఓడలు సుమారు 4,300 మందిని మోశాయి. క్యునార్డ్ ఓడలు 3,000 లోపే. పన్నెండేళ్లుగా నమ్ముకున్న కంపెనీని వదిలి జనం కొత్తదాని వైపు వెళ్లారు. వెళ్లినవాళ్లని తప్పుపట్టగలమా? మీరైనా నేనైనా అదే చేస్తాం. గది బాగుంది, తిండి బాగుంది, ఒక రోజు ముందే చేరుస్తున్నారు.

కానీ ఆ ఒక రోజుకి ధర ఎంత? అది ప్రయాణికుడికి కనబడదు. కాలిన్స్ ఓడల ఒళ్లు చెక్కది, ఇంజన్లు మాత్రం అప్పటికి చాలా బలమైనవి. అంత బలంతో తోస్తుంటే చెక్కలు సడలేవి, యంత్రాలు అరిగేవి. ప్రతి ప్రయాణం తర్వాత న్యూయార్క్‌లో మరమ్మతుల పనివాళ్లు రాత్రీ పగలూ చేస్తే గానీ మళ్లీ కదలడానికి వీలయ్యేది కాదు. బొగ్గు ఖర్చు విపరీతం. గెలుస్తున్న కొద్దీ నష్టం పెరుగుతోంది. అందుకే 1852లో కాంగ్రెస్ దగ్గరికి వెళ్లి టపా సొమ్ముని ఏడాదికి 8,58,000 డాలర్లకి పెంచుకున్నారు. ఆ బిల్లు నెగ్గించుకోవడానికి ఒక ఓడని వాషింగ్టన్ దగ్గరికి తీసుకెళ్లి రాజకీయ నాయకులకి విందు కూడా చేశారు. ఆ విందులూ అవీ ఎప్పుడూ ఉన్నవే.

ముందస్తు హెచ్చరిక కూడా వచ్చింది. 1850 డిసెంబరు చివర్లో లివర్‌పూల్‌లో బయలుదేరిన అట్లాంటిక్ ఓడ న్యూయార్క్ చేరలేదు. వారాలు గడిచాయి. అందరూ ఆశ వదులుకున్నారు. ఫిబ్రవరి మధ్యలో ఒక క్యునార్డ్ ఓడ రేవులోకి వచ్చి కబురు చెప్పింది. అట్లాంటిక్ ఓడకి నడిసముద్రంలో ఇంజన్ ఇరుసు విరిగింది, తెరచాపలతో మెల్లగా వెనక్కి వెళ్లి ఐర్లండ్ చేరింది, అందరూ క్షేమం అని. ఊరంతా సంబరం. చూశారా, పోటీ కంపెనీవాడే మోసుకొచ్చాడు ఆ శుభవార్త. ఆ సంబరంలో ఇరుసు ఎందుకు విరిగిందనే ప్రశ్న కొట్టుకుపోయింది.

ఇంకో తమాషా చెప్తాను. ఇంత భీకరమైన పోటీ అని పత్రికలు రాస్తున్న రోజుల్లోనే ఈ రెండు కంపెనీల మధ్య లోపాయికారీ ఒప్పందం ఒకటి నడిచింది. ఫలానా ధర కంటే తక్కువకి టికెట్ అమ్మకూడదు, వచ్చిన ఆదాయాన్ని ఒక లెక్క ప్రకారం పంచుకోవాలి. ఇది చాలా ఏళ్ల తర్వాత చరిత్రకారులు పాత వ్యాపార కాగితాలు తిరగేసినప్పుడు బయటపడింది. అంటే జెండాలు ఊపుతూ "మావాడు గెలిచాడు, మీవాడు ఓడాడు" అని జనం కొట్టుకుంటుంటే యజమానులు లోపల చేతులు కలిపారు. ధరలో పోటీ లేదు కాబట్టి మిగిలింది వేగం, హంగు. ఆ రెండింట్లోనే పోటీ మరింత ముదిరింది.

ఇక 1854కి వద్దాం. క్రిమియా యుద్ధం జరుగుతోంది. బ్రిటిష్ ప్రభుత్వం సైనికుల్ని తరలించడానికి క్యునార్డ్ ఓడలు తీసుకుంది. కాలిన్స్‌కి అట్లాంటిక్ దాదాపు ఖాళీగా దొరికింది. ఇంతకంటే మంచి అవకాశం రాదు.

సెప్టెంబరు 20న ఆర్కిటిక్ ఓడ లివర్‌పూల్ నుంచి బయలుదేరింది. వేసవిలో యూరప్ చూసి ఇళ్లకి తిరిగి వెళ్తున్న కుటుంబాలు అందులో ఎక్కువ. కాలిన్స్ భార్య, కూతురు, కొడుకు ఆ ఓడలోనే ఉన్నారు. కంపెనీలో పెద్ద పెట్టుబడిదారు జేమ్స్ బ్రౌన్ గారి కుటుంబం వాళ్లు కూడా ఉన్నారు. ఓడ కెప్టెన్ జేమ్స్ లూస్. అనుభవజ్ఞుడు. ఆరోగ్యం సరిగా లేని తన పదకొండేళ్ల కొడుకుని సముద్రపు గాలికి బాగుంటుందని వెంట తెచ్చుకున్నాడు.

సెప్టెంబరు 27 మధ్యాహ్నం. న్యూఫౌండ్‌లాండ్ దగ్గర దట్టమైన పొగమంచు. ఓడ పూర్తి వేగంతో వెళ్తోంది. అది లూస్ ఒక్కడి తప్పు కాదు, ఆ రోజుల్లో అందరి అలవాటూ అదే. పొగమంచులో వేగం తగ్గిస్తే ఆలస్యమవుతుంది, ఆలస్యమైతే పత్రికలు రాస్తాయి. ఇంతలో ఎదురుగా వెస్తా అనే చిన్న ఫ్రెంచి ఇనుప ఓడ ప్రత్యక్షమైంది. అందులో చేపల వేటకి వచ్చి ఇంటికెళ్తున్న జాలర్లు. రెండూ ఢీకొన్నాయి.

వెస్తా ముక్కు మొత్తం ఊడిపోయింది. చూసినవాళ్లంతా అది మునగడం ఖాయం అనుకున్నారు. లూస్ జాలిపడి, తన ఓడ నుంచి ఒక బోటు దింపి మొదటి ఆఫీసర్ని వాళ్ల సాయానికి పంపాడు. ఆ తర్వాత తెలిసింది, తన ఓడకే నీటి మట్టం కింద రంధ్రాలు పడ్డాయని. చిన్నదైన వెస్తాకి లోపల నీళ్లు చొరని ఇనుప అడ్డుగోడ ఉంది. ముక్కు పోయినా ఆ గోడ ఆపింది. అది మెల్లగా రేవు చేరింది. అద్దాలూ తివాచీలూ ఉన్న ఆర్కిటిక్‌లో అలాంటి గోడ లేదు.

లూస్ ఒడ్డు వైపు ఓడని పరుగెత్తించాడు. నీళ్లు పెరిగి కొలిమిలు ఆరిపోయాయి. ఇంజన్ ఆగింది. ఓడలో దాదాపు 400 మంది. ఉన్న లైఫ్‌బోట్లు ఆరు. అన్నీ నిండినా 180 మంది కంటే పట్టరు. అదీ అప్పటి చట్టం ప్రకారం సరిపోయే లెక్కే. ఆడవాళ్లనీ పిల్లల్నీ ముందు ఎక్కించండి అని లూస్ అరిచాడు. వినేవాడేడీ? సిబ్బందిలో చాలామంది, బలంగా ఉన్న మగ ప్రయాణికులు కొందరు బోట్లు లాక్కున్నారు. స్టూవర్ట్ హాలండ్ అనే కుర్ర ఇంజనీరు మాత్రం తనకి అప్పగించిన పని వదలకుండా, సాయం కోసం ఫిరంగి పేలుస్తూ ఓడతోపాటే పోయాడు.

బతికినవాళ్లు 85 మందికి కాస్త అటూ ఇటూ. వాళ్లలో ఎక్కువమంది సిబ్బంది. ఒక్క ఆడమనిషి బతకలేదు. ఒక్క పిల్లవాడు బతకలేదు. కాలిన్స్ భార్య, ఇద్దరు పిల్లలు పోయారు. లూస్ ఓడతోపాటు మునిగి పైకి తేలాడు. కానీ ఊడి పైకొచ్చిన ఓడ చక్రపు పెట్టె ఆయన కళ్లముందే కొడుకుని కొట్టి చంపింది. అదే చెక్క పట్టుకుని రెండు రోజులు తేలి ఆయన బతికాడు. తర్వాత మళ్లీ ఓడ నడపలేదు. సముద్రం అడుగున తంతి ఇంకా పడలేదు కాబట్టి న్యూయార్క్‌కి ఈ వార్త చేరడానికి రెండు వారాలు పట్టింది. ఎవరి మీదా విచారణ జరగలేదు, ఎవరికీ శిక్ష పడలేదు.

ఆ కథ అక్కడితో ఆగలేదు. 1856 జనవరి 23న పసిఫిక్, ఆ పది రోజుల రికార్డు కొట్టిన ఓడ, లివర్‌పూల్ నుంచి సుమారు 186 మందితో బయలుదేరింది. మళ్లీ కనబడలేదు. మంచుకొండని గుద్దుకుందని అప్పట్లో అందరూ అనుకున్నారు. మూడు రోజుల తర్వాత అదే దారిలో క్యునార్డ్ కొత్త ఓడ పర్షియా తొలి ప్రయాణం మీద వచ్చింది. క్యునార్డ్ అట్లాంటిక్ టపా ఓడల్లో అది మొదటి ఇనుప ఓడ. అదీ మంచుని గుద్దింది. ముందు భాగం దెబ్బతింది. కానీ మునగలేదు, న్యూయార్క్ చేరింది. ఒకే వారం, ఒకే సముద్రం. ఒకటి చెక్క, ఇంకొకటి ఇనుము.

జనం మళ్లీ క్యునార్డ్‌కి తిరిగారు. కాంగ్రెస్ పెంచిన సొమ్ము కోసేసింది. 1858 మొదట్లో కాలిన్స్ ఓడలు ఆగిపోయాయి. ఏప్రిల్ 1న వేలం వేస్తే కోట్ల విలువ అని చెప్పుకున్న ఓడలు 50,000 డాలర్లకి పోయాయి.

ఇక్కడ ఒక మాట. "అందువల్ల హంగు చెడ్డది, పిసినారితనం మంచిది" అని నేను చెప్పడం లేదు. కాలిన్స్ తెచ్చిన ఆవిరి వేడి, స్నానాల గది, ఐసు కొట్టు ఆ తర్వాత అన్ని కంపెనీలూ తెచ్చుకోవాల్సి వచ్చింది. ఈరోజు క్రూజ్ ఓడలో మనం చూసే సుఖాలకి ఆయనే మూలపురుషుల్లో ఒకడు. అలాగే క్యునార్డ్ ఓడలు పొగమంచులో నెమ్మదిగా వెళ్లాయి అనుకుంటే అదీ పొరపాటే. 1849 నాటి యూరోపాని మర్చిపోకండి. రెండు కంపెనీలూ అదే రిస్కు తీసుకున్నాయి. క్యునార్డ్‌కి కొంత జాగ్రత్త, కొంత అదృష్టం కలిసొచ్చాయి. కాలిన్స్‌కి లేని మిగులు క్యునార్డ్‌కి ఉంది. యంత్రం చివరి బలం దాకా తోయకుండా, కాస్త ఉంచుకుని నడపడం. శామ్యూల్ క్యునార్డ్ 1865లో పోయేదాకా ఆయన అట్లాంటిక్ టపా ఓడలేవీ ప్రయాణికులతో మునిగిపోలేదు.

మరి లోకం పాఠం నేర్చుకుందా? కొంచెం. 1855లో మాథ్యూ మౌరీ అనే అమెరికన్ నౌకాదళ అధికారి ఒక మాట చెప్పాడు. వెళ్లే ఓడలకి ఒక దారి, వచ్చే ఓడలకి వేరే దారి పెడితే గుద్దుకోవు కదా అని. మన రోడ్డు మీద ఎడమవైపు నడవమన్నట్టే. పెద్ద కంపెనీలన్నీ ఒప్పందం చేసుకుని దాన్ని పాటించేసరికి 1898 వచ్చింది. లైఫ్‌బోట్ల సంగతి ఇంకా ఘోరం. ఆర్కిటిక్ మునిగిన 58 ఏళ్లకి, 1912లో, టైటానిక్ బయలుదేరింది. దాదాపు 2,200 మంది మనుషులు, బోట్లలో చోటు 1,178 మందికి. అదీ చట్టం ప్రకారమే. అప్పుడు గానీ, 1914లో, అందరికీ బోటులో చోటుండాలన్న అంతర్జాతీయ ఒప్పందం రాలేదు. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కినవాళ్లకి డ్రిల్ ఇంకా జరగనేలేదు. ఓడ ఎక్కిన 24 గంటల్లోపు చేస్తే చాలన్నది అప్పటి నియమం. ఆ తర్వాత దాన్ని మార్చి, ఓడ కదిలే ముందో, కదిలిన వెంటనేనో డ్రిల్ పూర్తి కావాలన్నారు. నియమాలన్నీ ఇలా ఎవరో ఒకరు పోయాక వచ్చినవే.

డికెన్స్ చివర్లో వస్తాడన్నాను కదా. 1867లో, అంటే పాతికేళ్ల తర్వాత, ఆయన మళ్లీ అమెరికా బయలుదేరాడు. ఎక్కింది క్యునార్డ్ వారి క్యూబా. మరుసటి ఏడాది వెనక్కి వచ్చింది కూడా క్యునార్డ్ ఓడలోనే, దాని పేరు రష్యా. ఆనాడు శవాల బండి అని వెక్కిరించిన కంపెనీ దగ్గరికే తిరిగొచ్చాడు. అప్పటికి కాలిన్స్ కంపెనీ లేదు. క్యునార్డ్ పేరు మీద ఈరోజుకీ ఓడలు తిరుగుతున్నాయి.

మన దగ్గర కూడా ఈ అలవాటు మొదలైంది. 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు క్రూజ్ ఓడ వెళ్తే ఎంత హడావిడి జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. రేపు మీరూ రెండు కంపెనీలు పోల్చుకుంటారు. పోల్చుకోండి. గది చూడండి, తిండి చూడండి, ఇడ్లీ ఉందో లేదో కూడా చూడండి, అత్తగారిని పస్తు పెట్టొద్దు. కానీ ఆ లిస్టులో ఇంకో గీత గీసుకోండి. మన బోటు స్టేషన్ ఎక్కడ? పిల్లలకి సరిపడే లైఫ్‌జాకెట్ ఉందా? డ్రిల్‌లో సిబ్బంది మనసుపెట్టి చెప్తున్నారా, లేక మమ అనిపిస్తున్నారా?

మా పిన్ని కూతురికి ఈ కథంతా ఫోన్లో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "ఆ కెప్టెన్ గారి అబ్బాయికి ఎన్నేళ్లన్నావు?" అని అడిగింది. పదకొండు అన్నాను. వాళ్ల పెద్దవాడిదీ అదే వయసు. "ఈసారి ఏ కంపెనీ అయినా సరే, నేనే ముందు వాణ్ణి తీసుకెళ్లి బోటు చూపిస్తాను అన్నయ్యా" అంది.

మీలో ఎవరైనా ఇలా ఓడ ప్రయాణాలు చేసి ఉంటే మీ అనుభవం కామెంట్లలో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో కథతో కలుద్దాం. అప్పటిదాకా సెలవు. నమస్కారం.